టీ కొట్టు వాక్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొల్చారం. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఒట్టు పెట్టుకుని మరీ ఆయన గంటం పట్టాడు. ఆ తరవాత ఐదారు వందల ఏళ్లకు దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ కింద, ఓ టీ కొట్టు దగ్గర, ఒక వాక్యం పుట్టింది. ఆటల గురించి అభిమాని కడుపులో ఉన్నదంతా అందులో ఉంది. వ్యాఖ్య మాత్రం లేదు. ఆ లోటు ఇక్కడ తీరుతుంది. మల్లినాథుడి ఒట్లలో మొదటిదాన్ని ఈ వ్యాఖ్యాత పాటిస్తాడు. రెండోదాన్ని పాటిస్తే పత్రికలో పేజీలు నిండవు.

వాక్యకర్త పేరు తెలియదు. ఆర్షవాక్యాలకు అది మామూలే. చైతన్యపురి హాస్టల్లో ఉంటాడని, బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకుంటున్నాడని చేతిలోని బిట్ల పుస్తకం చెబుతోంది. భాషను బట్టి స్వస్థలం నల్గొండ వైపు. కాలనిర్ణయం ఇంకా సులువు. హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్లింది 2025 అక్టోబర్‌లో. వాక్యంలో ఆ దుఃఖం ఉంది కనుక అది అంతకు ముందుది కాజాలదు.

మూలం

"రూల్ మారితే ఆట మారుతది. ప్లేయర్ మారితే జెర్సీ మారుతది. టీమే ఊరు మారితే ఇగ మనమేం మార్చాలె మామా?"

ప్రతిపదార్థం

మామా = ఓ మిత్రుడా (మేనరికము ఇచట స్ఫురింపదు; హాస్టల్ గదిలో పక్క మంచము వాడని గ్రహించునది); రూల్ = ఆటకు గీత గీయు నియమము; మారితే = ఎక్కడనో ఒక కమిటీ కూర్చుండి లేచినచో; ఆట = ఊరియందు చెడుగుడు, టీవీయందు కబడ్డీ; మారుతది = గుర్తుపట్టుటకు వీలుకానిదగును; ప్లేయర్ = వేలమున పాడబడు పురుషుడు; జెర్సీ = వీపున పేరు గలదియు, మూడవ ఉతుకునకు ఆ పేరు ఊడునదియు నగు చొక్కా; టీం = యజమాని గలది; ఊరు = యజమాని లేనిది; మనము = టికెట్టు కొన్నవారము, కొందమనుకొన్నవారము, కొనకయే అరచినవారము; ఏం మార్చాలె = ఏమి మార్చవలయును అని ప్రశ్న.

అన్వయం సుగమం. వాక్యం మూడు మెట్లుగా నడిచింది. మొదట నియమం, తరవాత మనిషి, ఆ తరవాత చోటు. మొదటి రెంటికీ వాక్యకర్త జవాబు తనే చెప్పేశాడు. మూడోదాని దగ్గర మామను అడిగాడు. రూల్ మారినా ఓర్చుకుంటాడు, ప్లేయర్ మారినా ఓర్చుకుంటాడు, చోటు మారితే మాత్రం ఆయనకు దిక్కు తోచదు. ఈ తేడాను పట్టుకోవడమే ఈ వ్యాఖ్య పని.

"రూల్ మారితే ఆట మారుతది"

ఊళ్లో చెడుగుడుకు గడియారం ఉండేది కాదు. కూతే గడియారం. ఎవడికెంత ఊపిరి ఉంటే వాడి కూత అంత. కూత తెగిందో, అవుట్. 2014 జులై 26న ప్రొ కబడ్డీ లీగ్ మొదలయ్యాక దేశమంతా టీవీలో చూసింది మరో ఆట. అక్కడ రైడుకు 30 సెకన్లు. మట్టి పోయి మ్యాట్ వచ్చింది. రెండు రైడ్లు ఉత్తచేతులతో తిరిగొస్తే మూడోది డూ ఆర్ డై. పాయింట్ తేకపోతే రైడర్ బయటికి పోవాలి. ముగ్గురో అంతకన్నా తక్కువమందో మిగిలినప్పుడు రైడర్‌ని పట్టేస్తే సూపర్ ట్యాకిల్, ఒకటి బదులు రెండు పాయింట్లు. ఎదుట ఆరుగురో ఏడుగురో ఉంటేనే బోనస్ గీతకు విలువ. ఇవన్నీ నేర్చుకోవడానికి నల్గొండ పిల్లవాడికి ఒక్క సీజన్ చాలింది. రీజనింగ్ పేపర్‌కు అంతకన్నా ఎక్కువ పట్టింది.

ఇచట పూర్వపక్షం. అభిమాని సనాతనుడు, మార్పును సహించడు అని కొందరంటారు. అది తప్పు. దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో పెరిగిన క్రికెట్‌ను చూస్తే తెలుస్తుంది. ఒక టప్పా పడి ఒంటి చేత్తో పట్టుకుంటే అవుట్. గోడ దాటితే సిక్స్ కాదు, అవుట్. ఎదురింటి ఆంటీ వాకిట్లోకి బంతి పోతే అవుట్ అవ్వడమే కాదు, పోయి తెచ్చే బాధ్యత కూడా కొట్టినవాడిదే. గల్లీ వెడల్పును బట్టి, ఆంటీ కోపాన్ని బట్టి సాయంత్రానికో రూల్ పుట్టించిన జాతికి కమిటీలంటే భయమెందుకు? 2023లో ఐపీఎల్ ఇంపాక్ట్ ప్లేయర్ అనే పన్నెండో మనిషిని తెచ్చినప్పుడు ఇతగాడు మొదట ముఖం చిట్లించాడు. 2024 మార్చి 27న ఉప్పల్‌లో సన్‌రైజర్స్ ముంబైమీద 3 వికెట్లకు 277 కొట్టిన రాత్రి ఆ చిట్లింపు పోయింది. రూల్ మన జట్టుకు కలిసొస్తే సంస్కరణ, ఎదుటి జట్టుకు కలిసొస్తే కుట్ర. ఈ విషయంలో అభిమానుల్లో మతభేదం లేదు.

వాక్యకర్త నిజంగా భయపడేది రూల్ మారడానికి కాదు. సగం మారి సగం మారకపోవడానికి. దీనికి ప్రమాణం 2023 అక్టోబర్ 7, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల కబడ్డీ ఫైనల్. భారత్, ఇరాన్ 28-28. ఆట ముగియడానికి నిమిషం పైచిలుకు మిగిలింది. పవన్ సెహ్రావత్ డూ ఆర్ డై రైడుకు వెళ్లాడు. ఎవరినీ అంటకుండానే లాబీలో, అంటే ఆటస్థలం పక్క పట్టీలో, కాలు పెట్టాడు. పట్టబోయిన ఇరాన్ డిఫెండర్లు ఆయన వెంబడే లాబీలోకి వచ్చేశారు.

ఇక్కడ రెండు శాస్త్రాలు ఢీకొన్నాయి. ఎవరినీ తాకకుండా లాబీలోకి పోయిన రైడర్ అవుట్, వెంట దిగిన డిఫెండర్లూ అవుట్ అన్నది పాత మాట. ఆ లెక్కన భారత్‌కు నాలుగు పాయింట్లు, ఇరాన్‌కు ఒకటి. రైడర్ ఒక్కడే అవుట్, ఆట అక్కడితో ఆగిపోయినట్టే అన్నది ప్రొ కబడ్డీలో అలవాటైన కొత్త మాట. రిఫరీలు ఒకసారి అటు చెప్పారు, ఒకసారి ఇటు చెప్పారు. ఆటగాళ్లు మ్యాట్ మీద కూర్చుండిపోయారు. దాదాపు గంట ఆట ఆగింది. చివరికి పాత మాటే నెగ్గి భారత్ 33-29తో బంగారం తెచ్చుకుంది. ఆ గంటలో ఆ మ్యాచ్ చూస్తున్న ప్రతి హాస్టల్ గదీ ధర్మశాస్త్ర సభ అయిపోయింది. రూల్ ఏదైనా పర్లేదు, ఒక్కటే ఉండాలన్నది ఆ సభల ఏకగ్రీవ తీర్మానం. పాయింట్లు మనకొచ్చాయి కనుక ఆ తీర్మానాన్ని ఎవరూ ఎక్కడికీ పంపలేదు.

"ప్లేయర్ మారితే జెర్సీ మారుతది"

ఇందులో శ్లేష ఉంది. మారేది ప్లేయర్ జెర్సీయా, అభిమాని జెర్సీయా? రెండూ అని సిద్ధాంతం. మొదటిదాని ఖర్చు ఫ్రాంచైజీ భరిస్తుంది. రెండోదాన్ని దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద బేరమాడి ఇతగాడే కొనుక్కోవాలి. పోయినేడాది పేరు వీపుమీద ఇంకా సగం అంటుకునే ఉంటుంది, మనిషి మాత్రం వేరే జట్టులో తేలతాడు.

ప్రొ కబడ్డీ జట్టు తెలుగు టైటాన్స్ కథ వింటే ఈ పాదం పూర్తిగా బోధపడుతుంది. మొదటి ఆరు సీజన్లూ టైటాన్స్ అంటే రాహుల్ చౌదరి. ఆయనది ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్. తెలుగు రాకపోయినా తెలుగువాడైపోయాడు. 2018 వేలంలో 1 కోటి 29 లక్షలు పలికితే ఆ ధరకే టైటాన్స్ ఆయన్ని అట్టిపెట్టుకుంది. మరుసటి ఏడాది 94 లక్షలకు తమిళ్ తలైవాస్ తీసుకుపోయింది. ఆ వేలంలోనే టైటాన్స్ 1 కోటి 45 లక్షలు పోసి సిద్ధార్థ్ దేశాయ్‌ని తెచ్చింది. అభిమానులు రాహుల్ కోసం ఒక వారం ఏడ్చి, సిద్ధార్థ్ కోసం ఎనిమిదో రోజు చప్పట్లు కొట్టారు. దీన్ని చంచలత్వం అనరాదు. సంతాపానికి కూడా సీజన్ ఉంటుంది.

హాంగ్‌ఝౌలో లాబీలో కాలు పెట్టిన పవన్ సెహ్రావత్‌నే ఇక్కడ మళ్లీ కలుస్తాం. ఫైనల్ అక్టోబర్ 7న. అదే నెల 9, 10 తేదీల్లో ముంబైలో ప్రొ కబడ్డీ వేలం. మెడలో బంగారం వేడి చల్లారకముందే టైటాన్స్ ఆయనమీద 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టింది. లీగ్ చరిత్రలో అప్పటికి అదే రికార్డు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ రాత్రి టీలకు డబ్బులు ఎవరిచ్చారో ఎవరూ లెక్క చూడలేదు. సీజన్ ముగిసేసరికి టైటాన్స్ పట్టికలో చిట్టచివర ఉంది. అప్పటికది వరసగా మూడో సీజన్ చిట్టచివర. మరుసటి వేలంలో ఆయన ధర 1 కోటి 72 లక్షల 50 వేలకు దిగింది. ఆ ధరకు టైటాన్స్ ఆయన్ని మళ్లీ నిలుపుకుంది. 2025లో 59 లక్షల 50 వేలకు తలైవాస్‌కు వెళ్లాడు.

ఇక విశేషం. 2025 ఆగస్టు 29న పన్నెండో సీజన్ విశాఖలో మొదలైంది. తొలి మ్యాచ్‌లో టైటాన్స్ మీదికి వచ్చింది పవన్ ఉన్న తలైవాసే. 38-35తో గెలిచి వెళ్లింది. "చూసినవా, అమ్ముకున్నరు, అనుభవించున్రి" అని అభిమాని టేబుల్ చరిచాడు. కానీ ఆ సీజన్‌లోనే విజయ్ మాలిక్ కెప్టెన్‌గా టైటాన్స్ క్వాలిఫయర్-2 దాకా వెళ్లింది. పుణేరి పల్టన్ చేతిలో 50-45తో ఓడి ఒక్క మెట్టు తేడాతో ఫైనల్ పోగొట్టుకుంది. కోట్లు పోసినప్పుడు అడుగున ఉన్న జట్టు, ఆ కోట్ల మనిషి వెళ్లిపోయాక పైకొచ్చింది. ధర వేరు, విలువ వేరు అని అర్థశాస్త్రం మొదటి పాఠంలోనే చెబుతారు. టైటాన్స్ దాన్ని నేర్చుకోవడానికి పన్నెండు సీజన్లు తీసుకుంది.

క్రికెట్‌లో ఈ బాధకు ఇంకో రకం ఉంది. మనవాడే మనమీదికి రావడం. మహమ్మద్ సిరాజ్ హైదరాబాద్ కుర్రాడు. 2017లో సన్‌రైజర్స్ 2 కోట్ల 60 లక్షలకు కొంది. మరుసటి ఏడాదికే బెంగళూరు పాలయ్యాడు. 2025 సీజన్‌కు 12 కోట్ల 25 లక్షలకు గుజరాత్ టైటాన్స్ తీసుకుంది. ఏప్రిల్ 6న ఉప్పల్‌కొచ్చి, తన ఊరి మైదానంలో, తన ఊరి జనం ముందు, 17 పరుగులిచ్చి 4 వికెట్లు తీశాడు. నారింజరంగు జెర్సీలతో నిండిన స్టాండ్లలో ఆ సాయంత్రం రససంకరం జరిగింది. వికెట్ పడితే గుండె జారాలి. కానీ తీసింది సిరాజ్. అరవాలి. చాలామంది ముందు అరిచి, తరవాత పక్కవాడి ముఖం చూసి ఊరుకున్నారు. భరతముని ఎనిమిది రసాలు చెప్పాడు. ఈ తొమ్మిదోదానికి ఉప్పల్ పేరు పెట్టినా తప్పులేదు.

ఆటగాళ్లు ఊరు దాటడం ఈనాటిది కాదని కూడా ఇచట చెప్పాలి. ఫుట్‌బాల్‌లో హైదరాబాద్ ఒకప్పుడు పుట్టిల్లు, కోల్‌కతా మెట్టినిల్లు. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. స్కూలు టీచరుగా మొదలైన రహీం 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్‌కు బంగారం తెచ్చిపెట్టారు. ఆ భారత జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ వాడు. 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. కోల్‌కతా వాళ్లు 'బడే మియా' అని పిలుచుకున్న మహమ్మద్ హబీబ్ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడాడు. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఉన్న కాస్మోస్ జట్టును మోహన్ బగాన్ 2-2తో నిలువరించినప్పుడు ఆ రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్‌దే. మన పిల్లలు పోయారని అప్పుడు హైదరాబాద్‌లో ఎవరూ గుండెలు బాదుకోలేదు. కోల్‌కతా వెళ్లినవాడు హైదరాబాద్ హబీబ్‌గానే మిగిలాడు.

యూరప్‌లో ఇదంతా కోర్టుల దాకా వెళ్లింది. బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మన్ వేసిన కేసులో 1995 డిసెంబర్ 15న యూరోపియన్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. కాంట్రాక్టు ముగిసినవాణ్ని పైసా అడక్కుండా వదిలేయాలన్నది దాని సారం. అంతదాకా కాంట్రాక్టు అయిపోయినా క్లబ్బు బదిలీ సొమ్ము అడిగేది. కాంట్రాక్టు ఉన్నవాడి ధర మాత్రం ఆకాశానికి ఎక్కింది. 2017లో నెయ్‌మార్‌ను బార్సిలోనా నుంచి తీసుకోవడానికి పారిస్ క్లబ్ 22 కోట్ల 20 లక్షల యూరోలు కట్టింది. నాలుగేళ్లకు మెస్సీ అదే పారిస్‌కు కాంట్రాక్టు ముగిసి ఉచితంగా వెళ్లాడు. వెళ్తూ ఏడ్చాడు. ఆయన్ని బార్సిలోనాకు కట్టేసిన మొదటి కాగితం ఒక పేపర్ నాప్కిన్. 2000 డిసెంబర్‌లో దానిమీద నాలుగు ముక్కలు గీకి సంతకాలు చేశారు. 2024లో ఆ నాప్కిన్ వేలంలో 7 లక్షల 62 వేల 400 పౌండ్లు పలికింది. ఈ సంగతి చెప్పగానే టీ కొట్టులో ఒకడు గ్లాసు కింద పెట్టిన పేపర్ ముక్కను తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఆ మెస్సీయే 2025 డిసెంబర్ 13న ఉప్పల్‌కు వచ్చాడు. క్రికెట్ మైదానంలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి కూడా బూట్లు కట్టుకుని ఆయనతో పాటు బంతి తన్నారు. ఎల్బీనగర్ నుంచి వెళ్లిన కుర్రాళ్లలో కొందరి వీపున బార్సిలోనా, కొందరి వీపున పారిస్, కొందరి వీపున మయామి, ఎక్కువమంది వీపున అర్జెంటీనా. మనిషి ఒక్కడే, జెర్సీలు నాలుగు. రెండో పాదానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ప్రత్యుదాహరణం

రూల్ మారుతూ ప్లేయర్ మారని ఆట ఉందా అని శిష్యుడు అడగవచ్చు. ఉంది. ఐర్లండ్‌లో గేలిక్ ఫుట్‌బాల్. పక్షానికి పదిహేనుమంది. చేత్తో పట్టవచ్చు, కాలితో తన్నవచ్చు. గోల్‌లోకి కొడితే మూడు, అడ్డకర్ర మీదుగా కొడితే ఒకటి. డబ్లిన్ జట్టుకు వరసగా ఐదు జాతీయ టైటిళ్లు సంపాదించిపెట్టిన జిమ్ గావిన్ ఆధ్వర్యంలో ఒక కమిటీ కూర్చుని, ఆట చప్పబడిపోతోందని 2025 నుంచి రూల్స్‌ని బాగా మార్చింది. 40 మీటర్ల వంపు గీత బయటి నుంచి అడ్డకర్ర మీదుగా కొడితే ఇప్పుడు రెండు పాయింట్లు. ప్రతి జట్టూ రెండు సగాల్లోనూ కనీసం ముగ్గురేసి మనుషుల్ని ఉంచాలి, అందరూ వెనక్కొచ్చి గోడ కడతామంటే కుదరదు. ఆ ఏడాది జులై 27న 82 వేలమంది పట్టే క్రోక్ పార్కులో, ఫైనల్లో డొనెగల్‌ను ఓడించి కెర్రీ కప్పు తీసుకుపోయింది.

ఇన్ని మారినా ఆ ఆటలో వేలం లేదు, జీతం లేదు. పుట్టి పెరిగిన ఊరి క్లబ్బుకు, ఆ ఊరున్న కౌంటీకి ఆడటమే ఆనవాయితీ. వారమంతా బడిలోనో బ్యాంకులోనో పొలంలోనో పనిచేసి ఆదివారం స్టేడియం నింపుతారు. కెర్రీ కప్పు గెలిస్తే గెలిచింది కెర్రీ మనుషులే. మన సంక్రాంతి కబడ్డీ టోర్నీల్లోనూ ఈ ఆశ ఉంది. కరపత్రం అడుగున 'బయటి మండలం ఆటగాళ్లకు ప్రవేశం లేదు, ఆధార్ తేవలెను' అని అచ్చు వేస్తారు. మొదటి బహుమతి మొత్తం పెరిగేకొద్దీ ఆధార్ కార్డులో అడ్రసులు మారుతుంటాయి, అది వేరే సంగతి.

ఈ ఐరిష్ ఉదాహరణ వాక్యకర్త మనసును తేటపరుస్తుంది. అక్కడివాళ్లు రూల్ మార్పును గంటల తరబడి తిట్టుకుంటారు, తరవాత వెళ్లి చూస్తారు. ఎందుకంటే ఆడేది తమ ఊరని నమ్మకం. ఆ మేకు గట్టిగా ఉంటే మిగతావన్నీ ఎంత ఊగినా ఫర్వాలేదు.

"టీమే ఊరు మారితే"

మేకే ఊడిన కథ ఇది. 2019లో పుణేలోని ఎఫ్‌సీ పుణే సిటీ మూతపడింది. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో ఆ చోటు హైదరాబాద్‌కు వచ్చింది. ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం సొంతగడ్డ. మొదటి సీజన్ అట్టడుగు. తరవాత స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ వచ్చాడు, జట్టు లేచింది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు 1-1 చేశాడు. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపాడు. 3-1తో కప్పు హైదరాబాద్‌ది. ఆ సీజన్‌లో బార్తలోమ్యూ ఒగ్‌బెచే 18 గోల్స్‌తో లీగ్ అంతటికీ అగ్రస్థానంలో నిలిచాడు.

ఇచట ఒక సూక్ష్మం ఉంది. కోవిడ్ వల్ల ఆ సీజన్‌తో పాటు అంతకు ముందు సీజన్ కూడా పూర్తిగా గోవాలోనే జరిగాయి. అంటే జట్టు ఛాంపియన్ అయిన ఏడాది హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఊరికి కప్పు వచ్చింది గానీ ఊరు కప్పును టీవీలోనే చూసింది.

ఆ తరవాతిది త్వరగా చెప్పుకోవడమే మేలు. మరుసటి ఏడాది రెండో స్థానం. పిమ్మట మార్కెజ్ గోవా క్లబ్‌కు వెళ్లాడు. ఆటగాళ్లలో ఆశిష్ రాయ్ అంతకు ముందే కోల్‌కతా చేరాడు, ఆకాశ్ మిశ్రా ముంబై చేరాడు. బకాయిలు చెల్లించనందుకు కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోరాదని ఫిఫా నిషేధం పెట్టింది. 2023-24లో 22 మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపు, 8 పాయింట్లు, మళ్లీ అట్టడుగు. యజమానులు మారారు. 2025 అక్టోబర్‌లో క్లబ్బు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

రాహుల్ చౌదరి పోతే తిట్టడానికి రాహుల్ ఉన్నాడు, తలైవాస్ ఉంది, అమ్ముకున్న టైటాన్స్ యాజమాన్యం ఉంది. జట్టే పోతే ఎవరిమీద అలగాలి? అలగడానికి కూడా ఒక జట్టు ఉండాలి. వాక్యకర్త గొంతు మూడో పాదంలో ప్రశ్నగా మారడానికి కారణం ఇదే.

ఆక్షేపం: 2019లో పుణే అభిమాని ఇదే ప్రశ్న అడిగి ఉంటాడు. అప్పుడు దిల్‌సుఖ్‌నగర్ ఏం చేసింది? సమాధానం: టీ తాగింది, మన ఊరికి ఐఎస్ఎల్ వచ్చిందని సంబరపడింది. ఇందులో వాక్యకర్తను వెనకేసుకురావడానికి వ్యాఖ్యాతకు శాస్త్రబలం లేదు. వచ్చిన జట్టు ఎక్కడి నుంచి వచ్చిందో అడగనివాడు, పోయిన జట్టు ఎక్కడికి పోయిందో అడుగుతున్నాడు. అయినా దుఃఖం దుఃఖమే. పుణేవాడి దుఃఖం కూడా.

ఇంకొక శంక: ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ రెండూ వలసల మీద పెరిగిన చోట్లు కదా, అక్కడివాడికి ఊరు మారడం అంత పెద్ద విషయమా? నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం, విజయవాడ బస్సులు ఎల్బీనగర్ చౌరస్తాలో మనుషుల్ని దింపుతూనే ఉంటాయి. వాక్యకర్త కూడా అలా దిగినవాడే. హాస్టల్‌కు కట్టిన అడ్వాన్స్, నెల ముందు చెప్పకపోతే తిరిగి రాదన్న షరతు, ఇవి ఆయన బదిలీ ఒప్పందంలో నిబంధనల వంటివి. ఉద్యోగం వస్తే బ్యాంకు ఏ రాష్ట్రంలో వేస్తే అక్కడికి పోతాడు. ఇక్కడే అసలు సంగతి ఉంది. తాను ఎక్కడికి పోయినా తన జట్టు ఉన్నచోటే ఉండాలని ఆయన కోరిక. మనిషి తిరుగుతుంటాడు గనకే నిలిచి ఉండేది ఒకటి కావాలి.

"ఇగ మనమేం మార్చాలె"

ఈ పాదానికి పాఠాంతరాలు ఉన్నాయి. 'ఛానల్ మార్చాలె' అని ఒక పాఠం. 'జట్టు మార్చాలె' అని రెండో పాఠం. కొన్ని గ్లాసుల దగ్గర 'ఆటనే మార్చాలె' అని కూడా వినిపించింది. ఇంగ్లండ్‌లో వింబుల్డన్ క్లబ్బును మిల్టన్ కీన్స్‌కు తరలిస్తామన్నప్పుడు అక్కడి అభిమానులు వీటిలో ఏదీ ఎంచుకోలేదు. 2002లో తమ క్లబ్బు తామే పెట్టుకున్నారు. ఏఎఫ్‌సీ వింబుల్డన్ అట్టడుగు డివిజన్లలో మొదలై 2011కల్లా ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చింది. చందాలు పోగేసి క్లబ్బు పెట్టడమనేది గణేశ్ మండపాల దేశానికి కొత్త విద్యేమీ కాదు. కానీ ఆ ప్రతిపాదన టీ కొట్టులో చర్చకు రాగానే, గ్రౌండ్ ఎక్కడన్న ప్రశ్న దగ్గర ఆగిపోయింది.

ఆ ప్రశ్న చిన్నది కాదు. దిల్‌సుఖ్‌నగర్‌కు కూతవేటు దూరంలో సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియం ఉంది. కానీ టైటాన్స్ హైదరాబాద్‌లో ఆడితే గచ్చిబౌలిలో ఆడుతుంది. గచ్చిబౌలికి పోవాలంటే అమీర్‌పేటలో లైను మారి రాయదుర్గంలో దిగి ఆటో ఎక్కాలి. ఉప్పల్ స్టేడియం ఎల్బీనగర్‌కు రింగురోడ్డు మీద దగ్గరే. కానీ నాగోల్, ఎల్బీనగర్ మధ్య మెట్రో లేదు. రైల్లోనే పోతానంటే అమీర్‌పేటదాకా వెళ్లి వెనక్కి రావాలి, లేదా ఎంజీబీఎస్‌లో ఒకసారి, పరేడ్ గ్రౌండ్స్‌లో ఒకసారి రెండు బదిలీలు. ఆటగాడికి సీజన్‌కో బదిలీ. అభిమానికి మ్యాచ్‌కు రెండు, తిరిగి వచ్చేటప్పుడు ఇంకో రెండు.

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ జట్టే లేకుండా పోలేదని కూడా చెప్పి ముగించడం ధర్మం. శ్రీనిధి డెక్కన్ అనే క్లబ్బు ఉంది. విశాఖలో పుట్టి హైదరాబాద్ వచ్చింది (ఈ ఊరి మార్పును వాక్యకర్త క్షమించాడు, ఇటువైపు వచ్చింది కనుక). 2022-23లోనూ 2023-24లోనూ ఐ-లీగ్‌లో రెండో స్థానం. గెలిచివుంటే ఐఎస్ఎల్ మెట్టెక్కేది. సొంత మైదానం అజీజ్‌నగర్‌లోని డెక్కన్ అరేనా. ఈ వివరాలన్నీ చెప్పినప్పుడు మామ ఇచ్చిన జవాబు సగమే దొరికింది. "అజీజ్‌నగర్ యాడుంటది? మెహదీపట్నం దాటి..." అన్నంతవరకు స్పష్టం. పైన ఎల్బీనగర్ రైలు, కింద ఆగిన సిటీ బస్సు, మధ్యలో కండక్టర్ కేక. ఇక్కడ గ్రంథపాతం.

ఇది నల్గొండ ప్రాంతీయుడును, చైతన్యపురి హాస్టల్ వాస్తవ్యుడును, రెండు ప్రిలిమ్స్ గెలిచి మెయిన్స్‌న తడబడినవాడును, ఓడిన జట్టును విడువనివాడును అగు అభిమాని పలికిన వాక్యమునకు టీకా తాత్పర్య విశేష సహితమైన వ్యాఖ్యానము, సర్వము ఏకాశ్వాసము. టీల పైకము మామ ఇచ్చెను.